రాయడం నేరమైన చోట రచనాబోధన

మొన్నామధ్య ఒక సాహిత్య సభలో ఒక యువకవి మాట్లాడుతూ, హైస్కూలు పిల్లలచేత నల్లజాతి సాహిత్యం చదివిస్తే చాలునని, చైతన్యం దానంతటదే వస్తుందని అన్నాడు. సభ చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. తర్వాత టీ తాగేచోట ఆయన్ని అడిగాను: ‘‘చదివించాక వాళ్లచేత ఏం రాయిస్తారు?’’ ‘‘అది మీ పంతుళ్ల గొడవ మాస్టారూ’’ అని నవ్వేశాడు.

ఆయన నవ్వినందుకు నాకు కోపం రాలేదు. కాని ఆ జవాబు వెనక ఒక దృక్పథం ఉంది. సాహిత్యమంటే వస్తువు, వస్తువు మంచిదైతే ఫలితం మంచిదే, రాయడమన్నది ఆ తర్వాత పంతులు చూసుకునే కామాలూ పుల్‌స్టాపుల వ్యవహారం - ఇదీ ఆ దృక్పథం. వస్తుశిల్పాల మీద ఇన్నేళ్లుగా ఇంత చర్చ చేసిన మనం బడిగడప దగ్గరికి వచ్చేసరికి ఆ చర్చంతా బయటే విడిచి లోపలికి పోతున్నాం. తక్కిన సాహిత్యాల సంగతి ఎలా ఉన్నా, అమెరికన్ నల్లజాతి సాహిత్యం విషయంలో ఇది పెద్ద పొరపాటు. ఎందుకంటే ఆ సాహిత్యంలో రాయడమే ఒక వస్తువు.

1739లో దక్షిణ కరోలినాలో, స్టోనో నది దగ్గర, బానిసలు తిరగబడ్డారు. ఆ మరుసటి ఏడు, 1740లో, ఆ వలస ప్రభుత్వం ఒక చట్టం చేసింది. బానిసకు రాత నేర్పినవాడికి నూరు పౌన్ల జరిమానా. పాఠకులు ఒక్క మాట గమనించాలి. ఆ చట్టం నిషేధించింది రాతని. చదువుని కాదు. బైబిలు చదివే బానిసని దొరలు కొంతవరకు సహించగలిగారు. చదివేవాడు వినేవాడే కదా, ఇంకొకరు చెప్పింది తలకెక్కించుకునేవాడే కదా. రాసేవాడు అలా కాదు. తోట దాటి పోవాలంటే బానిస చేతిలో యజమాని రాసిచ్చిన చీటీ ఉండాలి. రాయడం వచ్చిన బానిస ఆ చీటీ తనే రాసుకోగలడు, పక్కవాడికీ రాసివ్వగలడు. 1830ల నాటికి పలు దక్షిణాది రాష్ట్రాలు చదవడాన్ని కూడా నిషేధంలోకి లాగాయి. కాని మొట్టమొదట దొరకి భయం పుట్టించింది కలమే.

ఫ్రెడరిక్ డగ్లస్ 1845లో అచ్చువేసిన స్వీయచరిత్రని మనవాళ్లు ఎక్కువగా కొరడాదెబ్బల కోసం, తిరుగుబాటు కోసం చదువుతారు. నేను దాన్ని పంతులుగా చదివాను. బాల్టిమోర్‌లో ఇంటి యజమానురాలు అక్షరాలు మొదలుపెట్టి, మొగుడు కోప్పడగానే మానేసింది. ఆ కుర్రవాడు తన దగ్గరున్న రొట్టెముక్కలు వీధిలోని పేద తెల్లపిల్లలకిచ్చి, బదులుగా పాఠం చెప్పించుకున్నాడు. ఓడలు కట్టేచోట వడ్రంగులు కొయ్యల మీద గుర్తుగా వేసే అక్షరాలు చూసి రాత పట్టుకున్నాడు. ఆ తర్వాత యజమాని కొడుకు బడిలో రాసి పారేసిన కాపీ పుస్తకం తీసి, వరసల మధ్య మిగిలిన ఖాళీల్లో దిద్దుకున్నాడు. కాపీ పుస్తకాలు దిద్దించే మనబోటివాళ్లం ఈ ఘట్టం దగ్గర కొంచెం ఆగాలి.

ఆ రాతని డగ్లస్ మొదట దేనికి వాడాడు? 1836లో తోటివాళ్లతో కలిసి పారిపోదామని, ఒక్కొక్కరికీ యజమాని రాసినట్టే చీటీలు రాశాడు. ఎవరో పట్టిచ్చారు. పట్టుకున్నప్పటి గందరగోళంలో తన చీటీని నిప్పుల్లో పడేశాడు. మిత్రుణ్ణి తన చీటీ రొట్టెతోపాటు నమిలి మింగెయ్యమన్నాడు. రాసిన కాయితం దొరికితే ప్రాణాలకే ముప్పు. ఇంతకంటే గట్టి రచనాపాఠం ఏ బోధనాశాస్త్ర గ్రంథంలోనూ లేదు. ఎవరికోసం రాస్తున్నాం, ఎవరి గొంతుతో రాస్తున్నాం, అది ఎవరి కళ్లపడితే ఏమవుతుంది - కాంపోజిషన్ క్లాసులో చెప్పవలసినవన్నీ ఆ చీటీలో ఉన్నాయి.

అంతకు అరవై డెబ్బై ఏళ్ల ముందు ఫిలిస్ వీట్లీ సంగతి ఇంకొక రకం. 1773లో ఆమె కవితల పుస్తకం లండన్‌లో అచ్చయినప్పుడు, ఈ పద్యాలు నిజంగా ఈ నల్లపిల్లే రాసిందని బోస్టన్ పెద్దమనుషులు 18 మంది సంతకాలు పెట్టవలసివచ్చింది. పద్యం బాగుందా లేదా అన్నది తర్వాతి మాట. ముందు అడిగింది ‘ఇది నువ్వే రాశావా?’ అని. ఈ ప్రశ్న నాకు కొత్తది కాదు. వెనక బెంచీ పిల్లవాడు ఎప్పుడైనా ఒక మంచి పేరా రాస్తే నా నోటివెంట అప్రయత్నంగా వచ్చే మొదటి మాట అదే.

ఇటువంటి చరిత్ర ఉన్న సాహిత్యాన్ని అమెరికా బడి ఏం చేసింది? కార్టర్ జి. వుడ్సన్ అనే ఆయన వెస్ట్ వర్జీనియా బొగ్గుగనుల్లో పనిచేసి, ఇరవయ్యో ఏట హైస్కూల్లో చేరి, తర్వాత చరిత్రకారుడై, 1926లో నీగ్రో చరిత్ర వారాన్ని మొదలుపెట్టాడు. ఫిబ్రవరిలో లింకన్ పుట్టినరోజు, డగ్లస్ పుట్టినరోజుగా జరుపుకునే తేదీ దగ్గరదగ్గరగా పడతాయని ఆ వారాన్ని ఎంచుకున్నాడు. ఏడాది పొడుగునా చదివిందాన్ని ఆ వారంలో నలుగురిముందు పెట్టాలన్నది ఆయన ఆశ. 1976లో వారం కాస్తా నెల అయింది. నెల అయ్యాక చాలా బళ్లలో అది నెలకే పరిమితమైంది. ఫిబ్రవరిలో గోడమీద బొమ్మలు, లాంగ్‌స్టన్ హ్యూస్ కవిత ఒకటి, దానికింద అయిదు ప్రశ్నలు: కవి ఏం చెప్పదలచుకున్నాడు, ఏ అలంకారం వాడాడు, రెండు పేరాల్లో నీ అభిప్రాయం రాయుము. మార్చి ఒకటో తారీకున బొమ్మలు దిగిపోతాయి. వస్తువు వచ్చింది, పోయింది. కలం ఎవరి చేతిలో ఉండేదో వారి చేతిలోనే ఉంది.

అమెరికా పంతుళ్లని తప్పుపట్టే ముందు నా సంగతి చెప్పుకోవాలి. నేను జిల్లా పరిషత్ హైస్కూల్లో తెలుగు పంతుల్ని. ఇరవై ఏళ్లుగా ఎర్రసిరాతోనే నా బతుకు. అలెక్స్ హేలీ ‘రూట్స్’ 1976లో వస్తే, దాన్ని సహవాసి సంక్షిప్తంగా ‘ఏడు తరాలు’గా తెలుగు చేశారు, హైదరాబాద్ బుక్ ట్రస్ట్ 1980లో అచ్చువేసింది. నా తరంలో చాలామందికి నల్లజాతి చరిత్ర అంటే ముందు ఆ పుస్తకమే. (దాన్ని మనం అక్షరాలా చరిత్రగానే తీసుకున్నాం. హేలీ ఇంకొక నవలనుంచి కొన్ని భాగాలు తీసుకున్నాడని దావా నడిచి 1978లో రాజీ అయింది. వంశవృక్షం గురించి చరిత్రకారులకు సందేహాలున్నాయి. పిల్లలకి చెప్పేటప్పుడు నవల అనే చెప్పాలి. అందువల్ల దాని బలం తగ్గదు.)

కొన్నేళ్ల కిందట తొమ్మిదో తరగతికి అందులో కుంటాకి టోబీ అని పేరు పెట్టే ఘట్టం చదివి వినిపించాను. పిల్లలు కదలకుండా విన్నారు. మర్నాడు దానిమీద వ్యాసం రాయమన్నాను. నలభై చిల్లర నోటుపుస్తకాల్లో ఒకటే వ్యాసం: బానిసత్వం ఒక సాంఘిక దురాచారము, దానిని అందరము కలిసి రూపుమాపవలెను. గైడులో వరకట్నం గురించి ఉన్న వ్యాసంలో వరకట్నం తీసి బానిసత్వం పెట్టారు. ఆ దొంగతనానికి నాకు నవ్వొచ్చింది. తర్వాత భయమేసింది. కుంటా పేరు పోయిన కథ విన్న పిల్లలు తమ గొంతు పక్కనపెట్టి రాశారు. అలా పక్కనపెట్టడం నేర్పింది నేనే.

ఒక్క పుస్తకం వేరుగా ఉంది. ఒకమ్మాయి వాళ్లమ్మ గురించి రాసింది. వాళ్లమ్మ పనిచేసే ఇంట్లో కోడలి పేరూ ఈమె పేరూ ఒకటేనట. పనిమనిషిని ఆ పేరుతో పిలవడం బాగుండదని ఆ ఇంటివాళ్లు ఈమెకి ఇంకో పేరు పెట్టారట. అమ్మ ఆ పేరుకి పలుకుతుందట. ఒకసారి తను ఆ ఇంటికి పోయి అమ్మని అసలు పేరుతో అడిగితే, అట్లాంటి వాళ్లెవరూ ఇక్కడ లేరన్నారట. మొత్తం ఒకటిన్నర పేజీ. ఇంట్లో మాట్లాడే మాటల్లోనే రాసింది. అమ్మ మాటలు అమ్మ అన్నట్టే ఉన్నాయి.

నేను చేసిన పని చెప్తాను. దిద్దాను. పదిహేడు చోట్ల ఎర్రసిరా పడింది. కింద ‘భావం బాగుంది, భాష మెరుగుపరచుకోవాలి’ అని రాశాను. ఆ అమ్మాయి బుద్ధిమంతురాలు. మర్నాడు శుభ్రంగా తిరగరాసి తెచ్చింది. అందులో తప్పులు లేవు, వాళ్లమ్మ మాటలూ లేవు. ‘మా తల్లిగారు మిక్కిలి బాధపడినారు’ అని ఒక వాక్యం ఉంది. పేరు మార్చడం గురించి పాఠం చెప్పి, ఆ పాఠాన్ని అందుకున్న ఒక్క పిల్ల గొంతుకీ నేను వేరే పేరు పెట్టాను.

అప్పటినుంచే ఈ విషయం మీద దొరికిందల్లా చదువుతున్నాను. అలా చదివినవాటిలో రెండు సందర్భాల గురించి కాస్త వివరంగా చెప్పాలి.

మొదటిది మిసిసిపీ, 1964 వేసవి. ఆ రాష్ట్రంలో నల్లపిల్లల బళ్లు వేరు. పత్తి పండే ప్రాంతంలో పత్తిపనికి పిల్లలు కావాలి కాబట్టి అక్కడ బడి ఏడాదిలో ముక్కలుముక్కలుగా నడిచేది. 1963 చివర్లో చార్లెస్ కాబ్ అనే యువ కార్యకర్త ఒక ప్రతిపాదన రాశాడు. ఈ బళ్లలో పిల్లలకి అన్నిటికంటే ముందు నేర్పేది ప్రశ్నించకుండా ఉండడం, కాబట్టి ప్రశ్నించడం నేర్పే బళ్లు మనమే పెట్టాలి అన్నది దాని సారాంశం. అవే ఫ్రీడమ్ స్కూళ్లు. చర్చీల నేలమాళిగల్లో, చెట్లకింద, 40కి పైగా బళ్లు నడిచాయి. అనుకున్నదానికి రెట్టింపుగా, 2,000 మందికి పైగా విద్యార్థులు వచ్చారు. నల్లజాతి చరిత్ర అక్కడ ప్రధాన పాఠం. ఆ పాఠ్యప్రణాళికలో నన్ను ఆకట్టుకున్నది సమాచారం కాదు, ప్రశ్నలు. తెల్లవాళ్లకున్న వాటిలో మనకేవి కావాలి? ఏవి అక్కర్లేదు? మనకున్న వాటిలో ఏవి నిలుపుకోవాలి? ఈ మూడో ప్రశ్న చాలామంది అభ్యుదయవాదులకి తట్టదు. లేనివాడికి లేనిదేమిటో చెప్పడంలో మనకున్న ఉత్సాహం, వాడి దగ్గరున్నదేమిటో అడగడంలో ఉండదు.

ఆ పిల్లలు రాశారు. పరీక్షకోసం కాదు. ఊరూరా తమ పత్రికలు సైక్లోస్టైల్ చేసుకున్నారు. మెక్‌కూంబ్ పిల్లలు తమ పత్రికకి ‘ఫ్రీడమ్స్ జర్నల్’ అని పేరు పెట్టారు. 1827లో న్యూయార్క్‌లో నల్లవాళ్లు నడిపిన మొదటి పత్రిక పేరు అది. చరిత్రపాఠం పత్రిక పేరైంది. హాటీస్‌బర్గ్ దగ్గర పామర్స్ క్రాసింగ్ అనేచోట పిల్లలు 1776 నాటి అమెరికా స్వాతంత్ర్య ప్రకటనని తీసుకుని, దాని నడకలోనే మిసిసిపీ రాష్ట్రం మీద తమ సొంత ప్రకటన రాశారు. ఇంగ్లండు రాజు మీద ఫిర్యాదులున్న చోట తమ బళ్ల గురించి, ఓటు గురించి, పోలీసుల గురించి ఫిర్యాదులు పెట్టారు. అనుకరణ రచన అని మనం చిన్నచూపు చూసే అభ్యాసమే ఇది. కాని దొర రాసిన కాపీ పుస్తకంలోని ఖాళీల్లో దిద్దిన డగ్లస్ చేసిందీ ఇదే. రూపం వాళ్లది, ఖాళీ నాది.

మెక్‌కూంబ్‌లో జూలైలో కార్యకర్తలుండే ఇంటిమీద బాంబు పడింది. భయపడి చర్చీలవాళ్లు బడికి చోటివ్వలేదు. ఆ ఇంటిముందు పచ్చికమీదే పాఠాలు జరిగాయి. హైస్కూలు వయసు అమ్మాయి ఒకతె దానిమీద ఒక పద్యం రాసింది. తెల్లదొరని తిట్టడంతో ఆగలేదు. తలుపు తియ్యని తనవాళ్లని పెద్దమనుషులూ వినండని నిలదీసింది. ఆ పద్యం ఊళ్లో తిరిగిన తర్వాత పెద్దలు చోటిచ్చారని అప్పటివాళ్లు రాశారు. మన పిల్లల రచనల్లో శత్రువు ఎప్పుడూ దూరంగా ఉంటాడు, అందుచేత అతన్ని తిట్టడం తేలిక. పదిహేను పదహారేళ్ల పిల్ల సొంత వాడ పెద్దల్ని సంబోధించి రాయడానికి కావలసిన ధైర్యం వేరు. శిల్పం అనేది అక్కడ పుడుతుంది: తిడితే తలుపు మూసుకుంటుంది, బతిమాలితే ఎవరూ వినరు, మరి ఏ గొంతుతో అనాలి?

ఆగస్టు 4న చేనీ, ష్వెర్నర్, గుడ్‌మన్‌ల శవాలు మట్టికట్ట కిందనుంచి తీశారు. చేనీది మెరీడియన్ ఊరే, వయసు ఇరవై ఒకటి. మరి రెండు రోజులకి అదే మెరీడియన్‌లో అన్ని బళ్ల పిల్లల ప్రతినిధులూ మహాసభ పెట్టుకుని, తమ కోర్కెల పత్రం రాసుకున్నారు. బడి వరసగా తొమ్మిది నెలలు నడవాలన్నది అందులో ఒకటి. అటువంటి సమయంలో నినాదాలు ఎంతైనా రాయవచ్చు. ఆ పిల్లలు నెలలు లెక్కబెట్టి రాశారు. పత్తి సంగతి తెలిసినవాడికి ఆ తొమ్మిది అంకె ఎంత పదునైనదో అర్థమవుతుంది.

రెండో సందర్భం జూన్ జోర్డన్‌ది. ఆమె కవయిత్రి. 1967 నుంచి న్యూయార్క్‌లో నల్లపిల్లలకీ ప్యూర్టోరికన్ పిల్లలకీ శనివారాలు రచనా శిక్షణ నడిపింది. టెరీ బుష్ అనే ఉపాధ్యాయినితో కలిసి ఆ పిల్లల రచనల్ని 1970లో ‘ద వాయిస్ ఆఫ్ ద చిల్డ్రన్’ పేరుతో పుస్తకంగా తెచ్చింది. కాని నేను చెప్పదలచుకున్నది ఆమె 1985లో అచ్చువేసిన వ్యాసం గురించి. అది కాలేజీ క్లాసు సంగతి. అయినా హైస్కూలు పంతులు చదవవలసింది అదే. ఎందుకంటే హైస్కూలు ఆ పిల్లల్ని ఏం చేసి కాలేజీకి పంపిందో అందులో తెలుస్తుంది.

జోర్డన్ తన విద్యార్థులకి ఆలిస్ వాకర్ నవల ‘ద కలర్ పర్పుల్’ ఇచ్చింది. అది 1982లో వచ్చింది, మరుసటి ఏడు పులిట్జర్ బహుమతి అందుకుంది. చదువురాని ఒక నల్లపిల్ల దేవుడికి రాసుకునే ఉత్తరాలతో, ఆ పిల్ల మాట్లాడే భాషలోనే, నవల మొదలవుతుంది. క్లాసులో ఎక్కువమంది నల్లవాళ్లే. వాళ్లు ఆ భాషని మెచ్చలేదు, తప్పులతడక అన్నారు. తమ ఇళ్లలో వినే మాట అచ్చులో కనబడేసరికి వాళ్లకి సిగ్గేసింది. జోర్డన్ వాదించలేదు. ఆ మొదటి ఉత్తరాన్ని మీకు నచ్చిన ప్రామాణిక ఇంగ్లీషులోకి మార్చి తెండి అంది. మార్చారు. చదువుకుంటే వాళ్లకే నవ్వొచ్చింది. ఆ పిల్ల పోయింది, ఆమె భయం పోయింది, ఎవరో దొరసాని మాట్లాడుతోంది. మా బళ్లోని ‘మిక్కిలి బాధపడినారు’ నాకు గుర్తొచ్చింది. జోర్డన్ క్లాసు నవ్వుతూ నేర్చుకున్నదాన్ని నేను ఎర్రసిరాతో చేసి కూడా గమనించలేదు.

అక్కడితో ఊరుకుంటే అదొక మంచి చమత్కారం మాత్రమే అయ్యేది. ఆ క్లాసు ఇంకో అడుగు వేసి, నల్ల ఇంగ్లీషు మీద ఒక కోర్సే మొదలుపెట్టి, ఆ భాషకి నియమాలు రాసుకుంది. మన మిత్రుల్లో కొందరికి వాడుక భాష అంటే నియమాలు లేని భాష అన్న అపోహ ఉంది. జోర్డన్ క్లాసు నియమాల ప్రకారం, వాక్యం స్పష్టంగా లేకపోతే అది నల్ల ఇంగ్లీషే కాదు. వీలైనంత తక్కువ మాటలు వాడాలి. ‘బి’ క్రియని సాధ్యమైనచోటల్లా వదిలెయ్యాలి. తెలుగు పంతులికి ఈ చివరి నియమం వింత కాదు. ‘ఆయన పంతులు’ అంటాం మనం, మధ్యలో క్రియ ఏదీ? చిన్నయసూరి నాటినుంచి నేటివరకు దీన్ని ఎవరూ బద్ధకమని అనలేదు. అదే పని నల్లపిల్లవాడు ఇంగ్లీషులో చేస్తే, వాడికి బుద్ధి తక్కువన్నారు. పైగా ఆ భాష ‘బి’ని వదిలేసినప్పుడు ఒక అర్థం, ఉంచినప్పుడు ఇంకో అర్థం. అతను ఇప్పుడు పనిచేస్తున్నాడనడం వేరు, ఎప్పుడూ పనిచేస్తుంటాడనడం వేరు. ఈ తేడాని ప్రామాణిక ఇంగ్లీషు క్రియ ఒక్కటే చెప్పలేదు. ఈ సంగతి తెలియని ఉపాధ్యాయుడు పిల్లవాడి వాక్యాన్ని దిద్దుతూ అర్థాన్ని చెరిపేస్తాడు. 1979లో ఆన్ ఆర్బర్ పిల్లల కేసులో ఫెడరల్ న్యాయమూర్తి ఒకరు సరిగ్గా ఈ విషయం మీదే తీర్పు చెప్పాడు: ఇంటిభాష గురించి ఉపాధ్యాయులకి తెలియకపోవడం పిల్లల చదువుకి అడ్డమవుతోంది, వాళ్లకి అది నేర్పే ఏర్పాటు చెయ్యండి అని. ఆ ఏడే జేమ్స్ బాల్డ్విన్ న్యూయార్క్ టైమ్స్‌లో నల్ల ఇంగ్లీషు భాషేనని వాదిస్తూ వ్యాసం రాశాడు.

ఇక జోర్డన్ క్లాసులో జరిగిన అసలు సంగతి. ఆ విద్యార్థుల్లో ఒకతని అన్నని, ఇరవై అయిదేళ్లవాణ్ణి, చేతిలో ఆయుధం లేనివాణ్ణి, బ్రూక్లిన్‌లో పోలీసులు కాల్చిచంపారు. క్లాసు ఉత్తరాలు రాయాలనుకుంది, ఇంటివాళ్లకి పరామర్శగా, పోలీసులకీ పత్రికకీ నిరసనగా. అప్పుడు ప్రశ్న వచ్చింది. ఏ భాషలో? ప్రామాణిక ఇంగ్లీషులో రాస్తే పత్రిక వేస్తుందేమో, పోలీసులు చదువుతారేమో. నల్ల ఇంగ్లీషులో రాస్తే పక్కన పారేస్తారు. కాని చంపినవాళ్ల భాషలో చచ్చినవాడి గురించి రాయడమేమిటి? గంటసేపు వాదించుకున్నారు. చివరికి తమ భాషలోనే రాద్దామని ఒక్కమాటగా నిర్ణయించుకున్నారు. పత్రికలు వెయ్యవని తెలిసే నిర్ణయించుకున్నారు. పత్రికలు వెయ్యలేదు.

ఈ వ్యాసం గురించి మాట్లాడే మన మిత్రులు ఇక్కడికి రాగానే ఉద్వేగపడి ఆగిపోతారు. నేను ఆగదలచుకోలేదు. అది విజయమా? అయితే ఎవరికి? 1988లో లీసా డెల్పిట్ అనే నల్లజాతి విద్యావేత్త ఇంకో వైపునుంచి ఒక మాట అంది. జోర్డన్‌ని ఉద్దేశించి కాదు, అభ్యుదయ ఉపాధ్యాయులనుకునే తెల్లవాళ్లని ఉద్దేశించి. మీరు పిల్లల గొంతు, స్వేచ్ఛారచన అంటూ వ్యాకరణం చెప్పడం మానేశారు. మీ పిల్లలకి ఆ వ్యాకరణం ఇంట్లోనే వస్తుంది. మా పిల్లలకి బళ్లో తప్ప రాదు. అధికారం చేతిలో ఉన్నవాళ్ల భాష, మర్యాదలు మా పిల్లలకి విప్పిచెప్పండి. అవి అధికారం వల్ల చలామణి అవుతున్నాయే గాని గొప్పవి కాబట్టి కాదని కూడా చెప్పండి. ఈ విమర్శ నాకు తగిలింది. ఆ అమ్మాయి నోటుపుస్తకం తర్వాత నేను కొంతకాలం దిద్దడమే మానేశాను. అది ఉదారత అనుకున్నాను. నిజానికి పదో తరగతి పరీక్ష పేపరు దిద్దే పంతులు వాళ్లమ్మ మాటలకి మార్కులివ్వడు, అది నాకు తెలుసు. తెలిసీ చెప్పకపోవడం ఉదారత కాదు.

మరి జోర్డన్ తప్పా, డెల్పిట్ ఒప్పా? నా అభిప్రాయంలో వాళ్లిద్దరి మధ్య వైరుధ్యం పైకి కనిపించినంత లేదు. జోర్డన్ వ్యాసం చివరిదాకా చదివినవాళ్లకి ఒక విషయం కనిపిస్తుంది. అన్నని పోగొట్టుకున్న ఆ విద్యార్థి రాసిన వ్యాసంతో అది ముగుస్తుంది. న్యూయార్క్ పోలీసుల హింసనీ దక్షిణాఫ్రికా పాలననీ కలిపి చూసిన ఆ వ్యాసం ప్రామాణిక ఇంగ్లీషులో ఉంది. జోర్డన్ అతన్ని అందుకు తప్పుపట్టలేదు. క్లాసు ఒక భాష ఎంచుకుంది, అతను ఇంకొకటి ఎంచుకున్నాడు. రెండూ వచ్చినవాళ్లు, ఏది ఎంచుకుంటే ఏం పోతుందో తెలిసినవాళ్లు చేసిన నిర్ణయాలవి. డెల్పిట్ అడిగినదీ ఆ తెలివిడినే. పంతులు ఆ ఎంపికని పిల్లల తరఫున తనే చేసేసినప్పుడే తప్పు. ఎర్రసిరాతో చేసినా అంతే, నాలాగ ఎర్రసిరా దాచేసి చేసినా అంతే.

ఈ పాఠాలు అక్కడ ఇప్పుడు నిశ్చింతగా సాగుతున్నాయనుకోవద్దు. 2022లో అమెరికా హైస్కూళ్లకోసం ఆఫ్రికన్ అమెరికన్ అధ్యయనాల కోర్సొకటి 60 బళ్లలో ప్రయోగాత్మకంగా మొదలైతే, 2023 జనవరిలో ఫ్లోరిడా రాష్ట్రం తమ బళ్లలో దాన్ని ఒప్పుకోమంది. టోనీ మోరిసన్ 1970లో రాసిన ‘ద బ్లూయెస్ట్ ఐ’ని పలుచోట్ల బడి లైబ్రరీలనుంచి తీసేశారు. 1740 నాటి చట్టానికి రాత మీద భయం ఉండేది, ఇప్పటివాళ్లకి చదువు మీద. చదివిన పిల్లవాడు ఏం రాస్తాడోనన్నదే ఆ భయమనుకుంటాను.

ఈ రెండేళ్లుగా తొమ్మిదో తరగతిలో నేను చేస్తున్నది చాలా చిన్న పని. వ్యాసం రెండు నోటుపుస్తకాల్లో రాయిస్తున్నాను. మొదటిదానిమీద ఎర్రసిరా పెట్టను. చదివి, అర్థం కానిచోట పెన్సిలుతో ‘ఇదేమిటి?’ అని అడుగుతాను. జవాబు కింద రాస్తారు. రెండోదానిలో అదే సంగతిని పరీక్షభాషలో రాస్తారు, అది నిర్దాక్షిణ్యంగా దిద్దుతాను. తర్వాత రెండూ పక్కపక్కన పెట్టి, ఇందులోంచి అందులోకి రానిదేమిటో ఒక్క వాక్యంలో రాయమంటాను. అన్నిసార్లూ ఫలిస్తుందని చెప్పను. కొంతమంది ఇప్పటికీ రెండింటిలోనూ గైడే ఎక్కిస్తున్నారు. ‘ఏమీ పోలేదు సార్’ అని రాసినవాళ్లూ ఉన్నారు. ‘నవ్వు పోయింది’ అని ఒకడు రాశాడు.

కిందటేడు తనిఖీకి వచ్చిన అధికారి ఒకాయన మొదటి పుస్తకాలు తిరగేసి, ఇన్ని తప్పులుంటే ఒక్క ఎర్రగీత లేదేమని అడిగాడు. అవి పిల్లల పుస్తకాలండీ, నావి ఆ పక్కనున్నవి అన్నాను. ఆయన ఆ పక్కవి చూడలేదు. రిమార్కుల పుస్తకంలో ‘తెలుగు నోటుపుస్తకములు దిద్దబడలేదు’ అని రాసి సంతకం పెట్టాడు. ఆ పుస్తకం హెడ్మాస్టరు గారి బల్లమీద ఉంది. నా సంజాయిషీ కోసం దానికింద అరపేజీ ఖాళీ వదిలారు.